రిపోర్టులన్నీ ఒకటే, క్రిములు మాత్రం కావు

ఆ నెల మా నవజాత శిశువుల యూనిట్ నుంచి వచ్చిన బ్లడ్ కల్చర్ రిపోర్టులన్నీ తీసి బల్ల మీద వరసగా పరిస్తే, పేరూ ఐపీ నంబరూ తప్ప మిగతాదంతా ఒకటే. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా. సెఫోటాక్సిమ్ మందుకి రెసిస్టెంట్, అంటే లొంగదు, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ రెసిస్టెంట్, సిప్రోఫ్లాక్సాసిన్ రెసిస్టెంట్, అమికాసిన్ రెసిస్టెంట్, చివరికి మెరోపెనెమ్ కూడా రెసిస్టెంట్. పై అంతస్తులో ఉన్న పెద్దల ఐసీయూ నుంచి అప్పుడప్పుడూ వచ్చే క్లెబ్సియెల్లా రిపోర్టు కూడా అచ్చంగా ఇలాగే ఉంటుంది. అందుకని ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ మీటింగు మొదలైన కాసేపటికే తీర్పు అయిపోయింది: పైనున్నదే కిందికి దిగింది. ఎవరి చేతుల మీదుగా దిగిందన్నదే ఇక తేలాలట.

నేను ఆ బోధనాసుపత్రిలో మైక్రోబయాలజిస్టుని. మీటింగులో ఒకటే మాట అన్నాను: ఒకే యూనిఫాం వేసుకున్నంత మాత్రాన అందరూ ఒక తల్లి పిల్లలు కారు, కాస్త చూడనివ్వండి. "మీరు చూసేలోపు నేను వార్డు మూసుకోవాలి మేడమ్" అన్నారు పిల్లల డాక్టరు గారు. ఆయన మాటలో కోపం ఉంది కానీ తప్పు లేదు. క్రిమి ఎవరిదో తేలేదాకా చేతులు కడుక్కోకుండా ఎవరూ ఆగరు కదా. పాజిటివ్ వచ్చిన పిల్లల్ని ఒక పక్కకి చేర్చడం, వాళ్ళకి విడిగా సిస్టర్లని వెయ్యడం, బిడ్డల్ని వెచ్చగా ఉంచే ప్రతి వార్మర్ దగ్గరా హ్యాండ్ రబ్ పెట్టడం, ఇవన్నీ ఆ రోజు నుంచే మొదలుపెట్టాం. మా ల్యాబు పని దానికి సమాంతరంగా నడిచింది.

ఈ పనికి పునాది వేసింది నిజానికి మా సీనియర్ టెక్నీషియన్ గారు. చాలా ల్యాబుల్లో రిపోర్టు సంతకమయ్యాక ప్లేటు ఆటోక్లేవ్‌లోకి పోతుంది. ఈయన మాత్రం రక్తంలో పెరిగిన ప్రతి క్రిమినీ గ్లిసరాల్ కలిపిన బ్రాత్‌లో (క్రిములు పెరిగే ద్రవంలో) వేసి డీప్ ఫ్రీజర్లో దాస్తారు. ఎవరూ చెప్పలేదు, జీతంలో కలవదు, అలవాటు అంతే. ఫ్రీజర్లో చోటు లేదని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ వయల్స్ లేకపోతే మొదటి పిల్లల క్రిములు మా దగ్గర కాగితం మీద తప్ప మిగిలి ఉండేవి కావు. కాగితం మీద మిగిలినదానితో టైపింగు, అంటే ఏ క్రిమి ఏ వంశానిదో తేల్చడం, చెయ్యలేం.

ముందు గుర్తింపు మళ్ళీ చేశాం. మిషన్ చెప్పింది కదా అని వదిలెయ్యలేదు. మెకాంకీ అగార్ మీద గులాబీ రంగులో, ఉబ్బుగా, లూప్ పెట్టి లాగితే జిగటగా సాగే కాలనీలు. ఇండోల్ నెగెటివ్, సిట్రేట్ పాజిటివ్, యూరియేజ్ పాజిటివ్, కదలిక లేదు. ఇండోల్ పాజిటివ్ వచ్చుంటే క్లెబ్సియెల్లా ఆక్సిటోకా అని అనుమానించాలి, అప్పుడు కథ మొత్తం వేరు. పెద్దల ఐసీయూ నుంచి దాచినవి కూడా వీటి పక్కనే పెట్టి అదే వరసలో నడిపాం. పోల్చడానికి బయటివి లేకుండా లోపలివి ఎన్ని చూసినా ఏమీ తెలియదు.

తర్వాత ప్రశ్న: మెరోపెనెమ్‌ని ఈ క్రిమి ఎలా తట్టుకుంటోంది? మందుని విరగ్గొట్టే ఎంజైము తయారు చేస్తోందా, లేక మందు లోపలికి రాకుండా తలుపులు మూసుకుందా? దీనికి మేం చేసింది ఎంసీఐఎం అనే పరీక్ష. ఖరీదైన సామగ్రి ఏమీ అక్కర్లేదు, అందుకే జిల్లా ల్యాబులకి కూడా చెబుతుంటాను. రెండు మిల్లీలీటర్ల బ్రాత్‌లో అనుమానిత క్రిమిని కలిపి, అందులో మెరోపెనెమ్ డిస్కు ఒకటి వేసి నాలుగు గంటలు 35 డిగ్రీల దగ్గర ఉంచుతాం. ఆ తర్వాత డిస్కుని బయటికి తీసి, మెరోపెనెమ్‌కి తేలిగ్గా చచ్చే ఈ.కోలై ఏటీసీసీ 25922ని పరిచిన ప్లేటు మీద పెడతాం. మర్నాడు డిస్కు చుట్టూ పెద్ద ఖాళీ కనిపిస్తే డిస్కులో మందు ఇంకా బతికే ఉందని. ఖాళీ 15 మిల్లీమీటర్లకి మించకపోతే ఆ నాలుగు గంటల్లోనే మన క్రిమి మందుని తినేసిందని. మావన్నీ తినేశాయి. డిస్కు అంచుదాకా ఈ.కోలై ఒత్తుగా పెరిగి ఉంది.

దీనికి జోడు ఇంకొకటి ఉంది, ఈసీఐఎం. అలాంటిదే ఇంకో ట్యూబు పక్కన పెట్టి, అందులో ఈడీటీఏ కలుపుతారు. మెరోపెనెమ్‌ని విరగ్గొట్టే ఎన్‌డీఎం (న్యూఢిల్లీ మెటలో-బీటా-లాక్టమేజ్) లాంటి ఎంజైములకి పని చెయ్యడానికి జింకు కావాలి. ఈడీటీఏ ఆ జింకుని లాగేసుకుంటుంది. అప్పుడు మందు మిగిలి, ఖాళీ 5 మిల్లీమీటర్లో అంతకు మించో పెరిగితే ఎన్‌డీఎం వర్గం అని అర్థం. మా ప్లేట్ల మీద ఖాళీ పెరగలేదు. పిల్లల క్రిముల్లో పెరగలేదు, పెద్దలవాటిలో పెరగలేదు. మా పీజీ అమ్మాయి సంబరంగా "మేడమ్, ఎన్‌డీఎం కాదు, అన్నీ ఓఎక్స్‌ఏ-48 రకమే" అంది. ఆ వయసులో నేనూ అలాగే అనేదాన్ని. "రెండూ ఉంటే?" అని అడిగాను. ఎన్‌డీఎంని ఈడీటీఏ మూలన కూర్చోబెట్టినా, పక్కనే జింకుతో పని లేని ఓఎక్స్‌ఏ-48 వర్గం ఎంజైము ఉంటే అది మందుని తింటూనే ఉంటుంది, పరీక్ష మనకి సగం నిజమే చెబుతుంది. మన దేశంలో ఈ జంట అరుదేమీ కాదు.

ఎన్‌డీఎం సంగతి తెలిసిన పాఠకులకి ఒక్క ముక్క చాలు: 2008లో స్వీడన్‌లో, అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వెళ్ళిన రోగిలో ఇది మొదట దొరికింది, 2009లో ప్రచురణ వచ్చింది, మరుసటి ఏడాదికల్లా చెన్నై నుంచి హర్యానా దాకా ఇది ఉందని తేలింది. పేరు మీద అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. గొడవ సద్దుమణిగింది గానీ జన్యువు ఎక్కడికీ పోలేదు.

పీసీఆర్‌కి డీఎన్ఏ తియ్యడానికి కిట్లు లేవు. ఉడకబెట్టాం. కాలనీని నీళ్ళలో కలిపి పది నిమిషాలు మరగబెట్టి, తిప్పి, పై తేట తీసుకోవడమే. మల్టీప్లెక్స్‌లో, అంటే ఒకేసారి చాలా జన్యువుల్ని వెతికే పీసీఆర్‌లో, ఎన్‌డీఎంకి 621 బేసుల దగ్గర, ఓఎక్స్‌ఏ-48 వర్గానికి 438 దగ్గర గీత రావాలి. జెల్ మీద పిల్లల వరసల్లో రెండేసి గీతలు వచ్చాయి. పెద్దల ఐసీయూ వరసల్లోనూ రెండేసి. మా పీజీ అమ్మాయి నావైపు చూసింది, నేనేమీ అనలేదు. కానీ కమిటీ వాదానికి ఇది ఇంకా బలమే ఇచ్చింది, అది నాకు నచ్చలేదు: రిపోర్టు ఒకటే, జన్యువులూ ఒకటే, ఇంకా ఏం కావాలి?

ఇక్కడ వైద్యానికి సంబంధించిన మాట ఒకటి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ఈ గీతలు కేవలం పరిశోధన కోసం కావు. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే ఖరీదైన మందు ఉంది. అవిబాక్టమ్ ఓఎక్స్‌ఏ-48ని ఆపుతుంది, ఎన్‌డీఎంని ఆపలేదు. అజ్‌ట్రియోనామ్‌ని ఎన్‌డీఎం తాకలేదు, కానీ ఎన్‌డీఎం ఉన్న క్రిముల్లో మామూలుగా ఉండే ఈఎస్‌బీఎల్ ఎంజైములు దాన్ని తినేస్తాయి. అవిబాక్టమ్ వాటిని ఆపుతుంది. కాబట్టి విడివిడిగా ఓడిపోయే రెండు మందులు కలిపి ఇస్తే గెలిచే అవకాశం ఉంది. పీసీఆర్‌లో రెండో గీత కనబడకపోతే ఒక్క మందే కొనిపించి ఊరుకునేవాళ్ళం. ఆ ఇంజెక్షను ధర వినగానే కారిడార్లో నిలబడ్డ తండ్రుల మొహాలు ఎలా మారతాయో మా పిల్లల డాక్టర్లు రోజూ చూస్తారు. ఒకే ట్యూబులో రెండు డిస్కులూ నానబెట్టి మా క్రిమి పెరగడం లేదని చూపించాకే వాళ్ళు ఆ ఖర్చు పెట్టించారు.

మిగతావేవీ పనిచెయ్యనప్పుడు వాడే కోలిస్టిన్ అనే మందు మీద మాత్రం నాకు వార్డుతో పేచీ పడింది. ఆటోమేటెడ్ మిషన్ కోలిస్టిన్‌ని "సెన్సిటివ్" అని రాసింది. కోలిస్టిన్ పెద్ద అణువు, అగార్‌లో సరిగా పాకదు, అందుకే డిస్కు పెట్టి జోన్ కొలవడం పనికిరాదు. మిషన్ అంకెనీ నమ్మకూడదు. ప్రామాణికమైన దారి బ్రాత్ మైక్రోడైల్యూషన్, అంటే మందుని రకరకాల పలచనల్లో కలిపిన బ్రాత్‌లో క్రిమిని పెంచి చూడడం. దాంట్లోనూ తిప్పలే: పౌడరు కోలిస్టిన్ సల్ఫేట్ అయి ఉండాలి, ఇంజెక్షను వయల్‌లో ఉండే మీథేన్‌సల్ఫోనేట్ కాదు, ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది కాబట్టి ఏ ప్లేటు వాడుతున్నామో చూసుకోవాలి. అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్ఎస్ఐ 2020 నుంచి కోలిస్టిన్‌కి "సెన్సిటివ్" అనే గడినే తీసేసింది. ఎంఐసీ (క్రిమి పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస మందు) 2 దాకా ఉంటే "ఇంటర్మీడియట్", 4 నుంచి "రెసిస్టెంట్", అంతే. పిల్లల క్రిముల్లో చాలావాటికి 2 లోపే వచ్చింది, కానీ తర్వాత వచ్చిన ఒకదానికి 16. అదే బిడ్డకి ముందు తీసిన కల్చర్‌లో తక్కువే ఉంది. అంటే మందు వాడుతుండగానే క్రిమి మారిపోయింది. మిషన్ రెండుసార్లూ ఒకే మాట రాసింది.

కోడి దాణాలో కలిపే కోలిస్టిన్ వల్లే ఇదంతా అని వార్డులో ఒకరన్నారు. మా జిల్లాల్లో కోళ్ళ ఫారాలకి లోటు లేదు కాబట్టి వినడానికి బాగానే ఉంది. 2019లో కేంద్రం పశువులకీ కోళ్ళకీ చేపలకీ కోలిస్టిన్ నిషేధించింది, మంచి పనే. కానీ మన ఆసుపత్రుల క్లెబ్సియెల్లాలో కోలిస్టిన్ నిరోధం ఎక్కువగా క్రోమోజోములో ఉన్న ఎంజీఆర్‌బీ అనే జన్యువు చెడిపోవడం వల్ల వస్తుంది. 2015లో చైనాలో బయటపడిన, ఒక క్రిమి నుంచి మరోదానికి దూకే ఎంసీఆర్-1 వల్ల కాదు. మా దానిలోనూ తర్వాత దొరికింది ఎంజీఆర్‌బీ దెబ్బతినడమే. అది మా వార్డులో, మా చేత్తో ఎక్కించిన మందు కింద పుట్టింది. కోళ్ళని అనడానికేం లేదు.

పర్యావరణ నమూనాలు తియ్యడానికి వెళ్ళిన రోజు వార్డులో అందరి కళ్ళూ సింకు మీదే ఉన్నాయి. సింకు అంటే అందరికీ అనుమానం, పైగా సింకు మాట్లాడదు. వార్మర్ల పట్టెలు, సక్షన్ గొట్టాలు, తూకం మిషన్, మందులు కలిపే బల్ల, పాలు పట్టే గ్లాసులు, సెలైన్ బాటిళ్ళు, సిస్టర్ల చేతులు, అన్నిటినీ తుడిచాం. సింకు కన్నంలోంచి మెరోపెనెమ్‌కి లొంగని క్లెబ్సియెల్లా వచ్చింది. కబురు నాకంటే ముందే పైకి చేరింది. సూపరింటెండెంట్ గారి ఆఫీసు నుంచి ఫోను: "దొరికిందటగా?"

దొరికింది, కానీ దాని జెల్ వరసలో 438 దగ్గర ఒక్క గీతే ఉంది. 621 దగ్గర ఏమీ లేదు. ఏ మందుకి లొంగుతుందో చెప్పే యాంటీబయోగ్రామ్ మాత్రం పిల్లలదానికి నకలే. కాగితం చెప్పే దానికీ క్రిమి చెప్పే దానికీ తేడా ఉందని నా చేతికి చిక్కిన మొదటి రుజువు అది. తర్వాత ఎరిక్ పీసీఆర్ పెట్టాం. జన్యురాశిలో అక్కడక్కడా పునరావృతమయ్యే ముక్కల మధ్య దూరాలని బట్టి గీతల వరస వస్తుంది. ఇది చౌక, మొరటు, రోజు మారితే గీత మారుతుంది, అందుకని అన్నిటినీ ఒకే జెల్ మీద నడపాలి. పిల్లలవి ఒక వరస. పెద్దల ఐసీయూవి ఇంకో వరస. సింకుది మూడోది. పిల్లల్లో కూడా ఒక బిడ్డది ఏ వరసకీ చెందలేదు.

ఎరిక్‌తో కమిటీని ఒప్పించలేమని నాకు తెలుసు, నన్ను నేనే పూర్తిగా ఒప్పించుకోలేదు. కాబట్టి వయల్స్ అన్నీ ఒక రిఫరెన్స్ ల్యాబుకి జీనోమ్ సీక్వెన్సింగ్‌కి పంపాం. క్రిమి జన్యురాశి మొత్తం సుమారు 55 లక్షల అక్షరాలు. రెండు క్రిముల మధ్య ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెడితే, ఒకదాన్నుంచి ఇంకోటి ఈ మధ్యే వచ్చిందో లేదో తెలుస్తుంది. ఒకే ఆసుపత్రిలో చేతులు మారిన క్లెబ్సియెల్లాల మధ్య తేడా మామూలుగా రెండు పదులకి అటూ ఇటూ దాటదు. వేరు వేరు వంశాలైతే తేడా వేలల్లో ఉంటుంది.

ఫలితం వచ్చేసరికి కొత్త కేసులు తగ్గుముఖం పట్టాయి. అయినా ఆ ఫైలు తెరిచినప్పుడు చేతులు కాస్త వణికాయి. పిల్లల క్రిములు ఎస్‌టీ147 (ఎస్‌టీ అంటే వంశానికి ఇచ్చే నంబరు), వాటిలో ఎన్‌డీఎం-5, ఓఎక్స్‌ఏ-181. పెద్దల ఐసీయూవి ఎస్‌టీ14, ఎన్‌డీఎం-1, ఓఎక్స్‌ఏ-232. సింకుది ఎస్‌టీ231, ఓఎక్స్‌ఏ-232 ఒక్కటే. ఈ మూడు వంశాలూ మన దేశంలో కొత్తవి కావు, ఎక్కడ వెతికినా తగిలేవే. మా జెల్ మీద 438 దగ్గర కనిపించిన ఆ గీత 181దా 232దా అన్నది పీసీఆర్‌కి తెలియదు, రెండూ ఒకే చోట గీత గీస్తాయి. పైనుంచి కిందికి దిగలేదు. సింకులోంచి పైకి ఎక్కలేదు. అప్పటికే పెద్దల ఐసీయూ సిస్టర్లు క్యాంటీన్లో శిశువుల వార్డు సిస్టర్ల పక్కన కూర్చోవడం మానేశారు. ఆ కాగితం నేను ముందు తీసుకెళ్ళింది డీన్ గారి దగ్గరికి కాదు, వాళ్ళ దగ్గరికి.

మరి ఎస్‌టీ147 ఎక్కణ్ణుంచి వచ్చింది? అక్షరాల తేడాలతో చెట్టు గీస్తే, మొదట జ్వరం వచ్చిన బిడ్డ మొదట్లో లేదు. దానికంటే ముందు వార్డులో చేరి, ఏ జబ్బూ లేకుండా బరువు పెరుగుతూ ఉన్న ఒక బిడ్డ మలద్వారపు స్వాబ్‌లో దొరికిన క్రిమి మొదట్లో ఉంది. 2011లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ ఆసుపత్రిలో, కేపీసీ అనే ఇంకో ఎంజైము ఉన్న క్లెబ్సియెల్లా 18 మందికి సోకి, 11 మంది చనిపోయినప్పుడు, జీనోములు చూసి తేల్చిన వరసలోనూ ఇలాంటిదే కనబడింది: కల్చర్ పాజిటివ్ వచ్చిన వరస వేరు, క్రిమి నడిచిన వరస వేరు, మధ్యలో జబ్బు లేకుండా మోసినవాళ్ళున్నారు. అది చదివి ఉన్నాను కాబట్టే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకీ స్వాబులు తియ్యమని పట్టుబట్టాను. "బాగున్న బిడ్డకి ఎందుకు మేడమ్" అని ఒక తల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పక్క బిడ్డల కోసం అమ్మా అన్నాను, ఒప్పుకుంది. ఆ బిడ్డ వేరే చోట పుట్టి రిఫరల్ మీద వచ్చాడు. క్రిమి అక్కడ అంటుకుందా దారిలోనా మా దగ్గరే మొదటి రోజునా అన్నది స్వాబు చెప్పలేదు.

ఎలా పాకిందన్నదానికి జీనోమ్ కంటే లైన్ లిస్టు ఎక్కువ చెప్పింది. లైన్ లిస్టు అంటే ఏమీ లేదు, ఎక్సెల్ షీటు: ఏ బిడ్డ, ఏ వార్మర్, ఏ తేదీ, ఏ గొట్టం, ఏ మందు, ఎవరి డ్యూటీ. ఎస్‌టీ147 రక్తంలోకి ఎక్కిన బిడ్డలందరికీ రోజుకి పలుసార్లు పలచన చేసి ఎక్కించే ఇంజెక్షన్లు నడిచాయి. నోటితో పాలే తాగుతున్న పిల్లల్లో కొందరి పేగులో క్రిమి ఉంది, రక్తంలోకి మాత్రం పోలేదు. పలచన చెయ్యడానికి మందుల బల్ల మీద సెలైన్ బాటిల్ ఒకటి ఉంటుంది, రబ్బరు మూతలో సూది గుచ్చి వదిలేస్తారు, షిఫ్టంతా అందరికీ అందులోంచే. పది పిల్లలకి ఒక సిస్టర్ ఉన్నచోట ప్రతి డోసుకీ కొత్త వయల్ తెరవమనడం తేలిక, తెరవడం కాదు. ఇది మా ఊరి వింత కాదు, దేశంలో చాలాచోట్ల ఉన్న పద్ధతే.

బాటిల్ మీద నేరం రుజువు చెయ్యలేకపోయాను. మేం తీసిన బాటిళ్ళలో ఏమీ పెరగలేదు; అసలు బాటిళ్ళు ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయాయి. అయినా ఉమ్మడి బాటిల్ ఆపించి, ఒక్కసారి వాడి పారేసే 10 మిల్లీలీటర్ల ఆంప్యూళ్ళు తెప్పించాక కొత్త రక్త కేసులు ఆగాయి. చేతుల శుభ్రత, పిల్లల్ని వేరు చెయ్యడం కూడా అదే సమయంలో నడిచాయి, కాబట్టి ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పమంటే చెప్పను. నా పందెం మాత్రం బాటిల్ మీదే. పిల్లల్లో కొందరు ఇంటికెళ్ళారు, కొందరు వెళ్ళలేదు. ఏ వరసకీ చెందని ఆ ఒక్క బిడ్డ క్రిమి మరో వంశానిదని జీనోమూ తేల్చింది. ఆ బిడ్డని ఔట్‌బ్రేక్ లెక్కలోంచి తీసేశాం, కానీ రికార్డులో పక్కన రాసి ఉంచాం.

ఇలాంటి పని మీద పడ్డ తోటి ల్యాబులవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. మొదటి కేసు నుంచీ క్రిముల్ని దాచండి, ఒక ప్లేటు మీద తేడాగా కనిపించే కాలనీలు రెండుంటే రెండూ దాచండి. సీక్వెన్సింగ్‌కి పంపేటప్పుడు అనుమానితులతో పాటు సంబంధం లేదనుకున్నవి కూడా పంపండి. పెద్దల ఐసీయూ వయల్స్ పంపకపోయి ఉంటే ఆ సిస్టర్లు ఇవాల్టికీ నేరస్థులే. డబ్బులు తక్కువైతే రక్తం లాంటి స్టెరైల్ చోటు (మామూలుగా క్రిములుండని చోటు) నుంచి వచ్చిన వాటికి ముందు చోటివ్వండి. జీనోమ్ ఫలితం వార్డులో మంటని ఆర్పదు, వారాల తర్వాత వస్తుంది. ఎంసీఐఎం, పీసీఆర్ మాత్రం రెండు మూడు రోజుల్లో చికిత్స మారుస్తాయి.

ఇప్పుడు ప్రతి సోమవారం శిశువుల యూనిట్ నుంచి స్వాబులు వస్తాయి. ఎస్‌టీ147 మళ్ళీ కనబడలేదు, లేదా మా కంటపడలేదు. పెద్దల ఐసీయూలో ఎస్‌టీ14 ఉంది, అక్కడి లైన్ లిస్టు ఈ మధ్యే మొదలుపెట్టాం. సింకులో ఎస్‌టీ231 అలాగే ఉంది, బ్లీచింగ్ పోసిన రెండు వారాలకి మళ్ళీ వస్తుంది. కింద గొట్టం మార్చమని ఇంజినీరింగ్ విభాగానికి రాశాం. నేరం చెయ్యని సింకుకి కొత్త గొట్టం ఎందుకని ఫైలు మీద ఎవరో కామెంటు రాసి వెనక్కి పంపారు. జవాబు రాస్తున్నాను.